లవంగ, వాము, నిమ్మగడ్డి తైలాలు బయోఫిల్మ్‌పై నిజంగా పనిచేస్తున్నాయా, లేక నా పరీక్షలోనే లోపం ఉందా?

ప్రశ్న: పరిశోధక విద్యార్థిని

అందరికీ నమస్కారం. నేను సూక్ష్మజీవశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. లవంగ తైలం, వాము తైలం, నిమ్మగడ్డి తైలం బయోఫిల్మ్ (ఉపరితలానికి అంటుకుని, జిగురు పదార్థంలో గుంపుగా బతికే కణాల పొర) కట్టే బ్యాక్టీరియాపై ఏ మేరకు పనిచేస్తాయో తేల్చడం నాకు అప్పగించిన పని. స్టాఫిలోకాకస్ ఆరియస్‌ను, సూడోమోనాస్ ఎరుజినోసాను ఎంచుకున్నాను. నాలుగు నెలలుగా ప్లేట్లు వేస్తున్నాను. అంకెలు చేతిలో ఉన్నాయి గాని వాటి అర్థం అంతుచిక్కడం లేదు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపికతో చదవగలరని మనవి.

నేను అనుసరించిన పద్ధతి ఇది. 1 శాతం గ్లూకోజ్ కలిపిన ట్రిప్టిక్ సోయా బ్రాత్‌లో బ్యాక్టీరియాను పెంచి, 96 గుంటల పాలీస్టైరీన్ ప్లేటులో ఒక్కో గుంటకు 100 మైక్రోలీటర్ల చొప్పున వేశాను. తైలాన్ని 1 శాతం ట్వీన్ 80తో (తైలం నీటిలో కలిసేందుకు తోడ్పడే పదార్థం) కలిపి, 4 శాతం గాఢతతో మొదలుపెట్టి, అడ్డు వరుసలో సగానికి సగం తగ్గిస్తూ వెళ్లాను. ఒకే ప్లేటులో మూడు తైలాలూ, చివరి వరుసల్లో తైలం లేని కంట్రోల్ గుంటలూ ఉన్నాయి. 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర 24 గంటలు ఉంచాక ద్రవాన్ని ఒంపేసి, ఫాస్ఫేట్ బఫర్‌తో మూడుసార్లు కడిగి, 0.1 శాతం క్రిస్టల్ వయొలెట్‌తో రంగు పట్టించి, పట్టిన రంగును 33 శాతం ఎసిటిక్ ఆమ్లంలో కరిగించి, 590 నానోమీటర్ల దగ్గర కొలిచాను. రెండో రకం ప్రయోగంలో ముందుగా 24 గంటలు బయోఫిల్మ్‌ను కట్టనిచ్చి, ఆ తర్వాత తైలం వేసి మరో 24 గంటలు ఉంచాను.

నన్ను కలవరపెడుతున్నవి నాలుగు విషయాలు. మొదటి రకం ప్రయోగంలో బయోఫిల్మ్ బాగా తగ్గినట్టు కనిపిస్తోంది, కాని ఆ గుంటల్లో చాలావాటిలో బ్యాక్టీరియా అసలు పెరిగినట్టే లేదు. రెండో రకం ప్రయోగంలో క్రిస్టల్ వయొలెట్ కొలత దాదాపు కదలలేదు; అదే గుంటల్లో రెసజురిన్ (కణాలు శ్వాసిస్తే నీలం నుంచి గులాబీకి మారే సూచక రంగు) వేస్తే మాత్రం రంగు నీలంగానే ఉండిపోయింది, అంటే అక్కడ శ్వాసించే కణాలేవీ లేవన్నట్టు. ఇక లవంగ తైలం 4 శాతం ఉన్న గుంటలు, తైలం లేని గుంటలకంటే ముదురు ఊదారంగు తేలాయి. చివరిదీ, నాకు అన్నిటికంటే దిగులు కలిగిస్తున్నదీ ఏమిటంటే, తైలపు వరుసకు ఆనుకుని ఉన్న కంట్రోల్ గుంటల్లో పెరుగుదల పలచగా ఉంది, దూరంగా ఉన్న కంట్రోల్ గుంటల్లో మామూలుగానే ఉంది.

మా పర్యవేక్షకులు "ఏ తైలం ఎంత శాతం నిరోధించింది, ఒక పట్టికగా ఇవ్వమ్మా" అంటున్నారు. నా దగ్గర శాతాలు ఉన్నాయి, కాని వాటి మీద నాకే నమ్మకం లేదు. ఏ అంకెను రాయాలి, దేనిని తీసేయాలి, ఏ ప్రయోగాన్ని మళ్లీ చేయాలి? దయచేసి దారి చూపించగలరు.


సమాధానం 1: సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకుడు

అమ్మా, మీ ప్రశ్న చదివాక ముందుగా కలిగింది సంతోషం. కంట్రోల్ గుంటల్లో తేడాను గమనించి ఆగిపోయారు చూడండి, అక్కడే మీ పరిశోధన సరైన దారిలో పడింది. చాలామంది ఆ వరుసల సగటు తీసుకుని ముందుకు వెళ్లిపోతారు.

మీ నాలుగు ఇబ్బందులూ వేర్వేరుగా కనిపిస్తున్నా, వాటిలో కొన్నింటికి మూలం ఒకటే: మీరు మూడు ప్రశ్నలను ఒకే అంకెతో అడుగుతున్నారు. తైలం బయోఫిల్మ్‌ను కట్టనివ్వడం లేదా అన్నది ఒకటి. కట్టిన బయోఫిల్మ్‌లోని కణాలను చంపుతోందా అన్నది రెండోది. కట్టిన పొరను ఉపరితలం నుంచి ఊడగొడుతోందా అన్నది మూడోది. ఒక తైలం మొదటి పని చక్కగా చేసి మిగతా రెండింటిలో విఫలం కావచ్చు. రెండో పని చేసి మూడోది చేయకపోవచ్చు. క్రిస్టల్ వయొలెట్ బతికిన కణానికీ, చచ్చిన కణానికీ, కణాలను అంటిపెట్టుకుని ఉండే జిగురు పదార్థానికీ తేడా లేకుండా పడుతుంది. గుంట గోడకు ఎంత సరుకు అంటుకుని ఉందో అది చెబుతుంది, అంతే. కాబట్టి మీ రెండో ప్రయోగంలో వైరుధ్యం ఏమీ లేదు: కణాలు చచ్చిపోయి ఉండవచ్చు, వాటి కళేబరాలూ, వాటిని పట్టి ఉంచిన పాలీసాకరైడ్లూ, ప్రొటీన్లూ, కణాల బయట ఉండే డి.ఎన్.ఎ. అక్కడే మిగిలి ఉండవచ్చు. చంపింది, ఊడగొట్టలేదు. రెండు కొలతలనూ పక్కపక్కనే పెట్టి చూపిస్తే అది మీ పరిశోధనలో బలమైన ఫలితమే అవుతుంది.

ఐతే రెసజురిన్ నీలంగా ఉండిపోయిందని వెంటనే "అన్నీ చచ్చాయి" అని రాయకండి. నిద్రాణంగా ఉన్న కణాలు శ్వాస బాగా తగ్గించుకుంటాయి, అవి ఈ రంగును మార్చలేవు. దీనికి తిరగబడిన పొరపాటు కూడా ఉంది. ఫినాల్ జాతి పదార్థాలలో కొన్ని ఇలాంటి సూచక రంగులను కణాల ప్రమేయం లేకుండా వాటంతటవే క్షయకరణం చేయగలవు. సూడోమోనాస్ విడుదల చేసే పయోసయనిన్ అనే వర్ణకం కూడా అలాంటి చురుకైన పదార్థమే. తైలం, బ్రాత్, రెసజురిన్ మాత్రమే ఉండి కణాలు లేని గుంటలు ప్రతి గాఢతకూ తప్పనిసరిగా ఉండాలి.

ఇక ముదురు ఊదారంగు సంగతి. నాకూ ఇలాంటిది ఒకసారి ఎదురైంది. నారింజ తొక్క తైలంతో పనిచేస్తున్నప్పుడు అత్యధిక గాఢత ఉన్న గుంటలే అత్యధిక బయోఫిల్మ్ చూపించాయి. రెండు వారాలు దానికి కారణాలు అల్లుకుంటూ గడిపాను. చివరికి ఖాళీ ప్లేటును తలకిందులు చేసి దీపానికి అడ్డుగా పట్టుకుంటే, ఆ గుంటల అడుగు పొగమంచు పట్టిన అద్దంలా మసకబారి ఉంది. సూది మొనతో తాకితే మిగతా చోట్ల గట్టిగా తగిలే ప్లాస్టిక్ అక్కడ కొంచెం మెత్తగా గీతపడింది. ఆ తైలంలో ప్రధాన భాగమైన లిమొనీన్ పాలీస్టైరీన్‌ను కరిగిస్తుంది. గరుకుబారిన ఆ అడుగులోకి రంగు ఇంకిపోయింది, నేను దానిని బయోఫిల్మ్ అనుకున్నాను. మీ లవంగ తైలం విషయంలోనూ ముందుగా అనుమానించవలసింది ఇదే. బ్యాక్టీరియా లేకుండా, అవే గాఢతలతో, అంతే సమయం ఉంచి, అదే విధంగా కడిగి రంగు వేయండి. అక్కడ కూడా ఊదారంగు వస్తే ఆ గాఢత ఫలితాలను పాలీస్టైరీన్ మీద కొలవకూడదు. గాజు మీదనో, పాలీప్రొపిలీన్ మీదనో మళ్లీ చేయాలి. ఉపరితలం మారితే బయోఫిల్మ్ కట్టే తీరు కూడా మారుతుంది కనుక తైలం లేని కంట్రోల్‌ను కూడా ఆ కొత్త ఉపరితలం మీదే పెంచాలి.

పక్క గుంటల్లో పెరుగుదల తగ్గడానికి కారణం తైలపు ఆవిరి. ఇవి ఎగిరిపోయే తైలాలు. మూత కింద ఉన్న కొద్దిపాటి గాలిలోనే ఆవిరి ఒక గుంట నుంచి ఇంకో గుంటకు పాకుతుంది. ఒకే ప్లేటులో మూడు తైలాలు పెట్టారు కాబట్టి, మీ నిమ్మగడ్డి గుంటల్లో ఫలితం నిమ్మగడ్డిదా, పక్కనున్న వాముదా అన్నది ఇప్పుడు చెప్పలేము. ఒక్కో తైలానికి ఒక్కో ప్లేటు వాడండి, తైలం లేని కంట్రోల్‌ను పూర్తిగా వేరే ప్లేటులో పెట్టండి, గుంటలను అతుక్కునే పలుచని పొరతో మూసేయండి. ఇక్కడ ఒక మెలిక ఉంది: పొర వేస్తే ఆక్సిజన్ అందడం తగ్గుతుంది, సూడోమోనాస్ ఆ తేడాను గట్టిగానే చూపిస్తుంది. అందుకే కంట్రోల్ ప్లేటును కూడా అదే పొరతో మూయాలి.

మొదటి రకం ప్రయోగం గురించి కూడా చెప్పాలి. బ్యాక్టీరియా పెరగనే లేదంటే బయోఫిల్మ్ కట్టకపోవడంలో వింత లేదు. అది సూక్ష్మజీవి నిరోధం, బయోఫిల్మ్ నిరోధం కాదు. ముందుగా ప్రతి తైలానికీ కనిష్ఠ నిరోధక గాఢతను, అంటే ఎం.ఐ.సి.ని, కనుక్కోండి; దానిని ఇలాంటి పరీక్షలకు మామూలుగా వాడే మ్యూలర్ హింటన్ బ్రాత్‌లో కాకుండా, మీరు బయోఫిల్మ్ పెంచుతున్న అదే గ్లూకోజ్ కలిపిన బ్రాత్‌లో, అదే కణాల సంఖ్యతో కనుక్కోండి. మాధ్యమం మారితే ఆ గాఢత మారుతుంది. తైలం కలిపిన ద్రవం పాలలా తెల్లగా ఉంటుంది కాబట్టి 600 నానోమీటర్ల దగ్గర మసకను కొలిచి పెరుగుదల అనుకోవద్దు; రెసజురిన్‌తో చూసి, ఆ గుంటల నుంచి అగార్ మీదకు మార్చి నిర్ధారించుకోండి. ఆ తర్వాత ఎం.ఐ.సి.లో సగం, పావు, అరపావు గాఢతల దగ్గర, పెరుగుదల కంట్రోల్‌తో సమానంగా ఉండి కూడా బయోఫిల్మ్ తగ్గిందా అని చూడండి. అక్కడ తగ్గితే అప్పుడు "బయోఫిల్మ్ కట్టడాన్ని అడ్డుకుంది" అనవచ్చు. ఒక్కోసారి ఇంత తక్కువ గాఢతల దగ్గర బయోఫిల్మ్ పెరగడం కూడా జరుగుతుంది. అలా వస్తే దాచకుండా రాయండి.

ట్వీన్ 80 గురించి చివరగా. సూడోమోనాస్ ఎరుజినోసా బయోఫిల్మ్‌ను ట్వీన్ 80 తనంతట తానే తగ్గించగలదు. మీ కంట్రోల్ గుంటల్లో అది ఉందో లేదో మీరు రాయలేదు. ఉత్త బ్రాత్ ఒకటి, బ్రాత్‌తో ట్వీన్ ఒకటి, రెండు కంట్రోళ్లు కావాలి. తైలాన్ని పోల్చవలసింది రెండోదానితో. ఇంకో చిన్న మాట: గుంటలో ద్రవం 100 మైక్రోలీటర్లయితే రంగు 125 మైక్రోలీటర్లు వేయండి. సూడోమోనాస్ గాలి తగిలే అంచు దగ్గర వలయంలా కడుతుంది, రంగు ఆ అంచు దాటి పైకి రాకపోతే అసలు బయోఫిల్మే తప్పిపోతుంది.


సమాధానం 2: తైలాల రసాయన విశ్లేషకురాలు

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఐతే ప్లేటు దాకా వెళ్లకముందే, సీసాలో ఏముందో మీరు ఎక్కడా రాయలేదు. నా దృష్టిలో అది అన్నిటికంటే ముందు తేలవలసిన విషయం.

"వాము తైలం" అన్నది ఒక పదార్థం పేరు కాదు. అందులో థైమాల్, పారా సైమీన్, గామా టెర్పినీన్ ప్రధానంగా ఉంటాయి; వాటి పాళ్లు మొక్క రకాన్ని బట్టి, కోసిన దశను బట్టి, స్వేదనం చేసిన తీరును బట్టి మారతాయి. లవంగ తైలంలో ప్రధానమైనది యూజెనాల్, నిమ్మగడ్డిలో సిట్రాల్. థైమ్ మొక్కలో ఈ తేడా మరీ స్పష్టంగా కనిపిస్తుంది: ఒకే జాతిలో థైమాల్ ఎక్కువగా ఉన్న మొక్కలూ, కార్వక్రాల్ ఎక్కువగా ఉన్నవీ, లినలూల్ ఎక్కువగా ఉన్నవీ వేర్వేరుగా ఉంటాయి, మూడింటి తైలానికీ పేరు మాత్రం ఒకటే. అందుకే తైలంలోని పదార్థాలను విడదీసి గుర్తించే గ్యాస్ క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీతో చేసిన విశ్లేషణ లేకుండా రాసిన ఎం.ఐ.సి.ని ఇంకొకరు తిరిగి రాబట్టలేరు. మొక్క శాస్త్రీయ నామం, ఏ భాగం నుంచి తీశారు, ఎలా తీశారు, ఏ బ్యాచ్ అన్నవి నమోదు చేసుకోండి. టీ ట్రీ తైలానికి ఐ.ఎస్.ఓ. 4730 అనే ప్రమాణమే ఉంది, అందులో టెర్పినెన్-4-ఆల్‌కు కనిష్ఠ పరిమితి, సినియోల్‌కు గరిష్ఠ పరిమితి పెట్టారు. పరిశోధనకు కూడా ఆ స్థాయి జాగ్రత్త అవసరమే.

నాలుగు నెలలుగా పనిచేస్తున్నానన్నారు. మొదటి నెల సీసానే ఇప్పటికీ వాడుతున్నారా? సగం ఖాళీ అయిన సీసాలో పైభాగమంతా గాలే. మూత తీసిన ప్రతిసారీ కొత్త ఆక్సిజన్ లోపలికి వెళుతుంది. టెర్పీన్లు నెమ్మదిగా ఆక్సీకరణం చెంది, గామా టెర్పినీన్ తగ్గి పారా సైమీన్ పెరుగుతుంది, పెరాక్సైడ్లు పుడతాయి. సిట్రాల్ కూడా నిలకడైనది కాదు. కొత్త సీసా తెరిచిన రోజే చిన్న చిన్న ముదురు రంగు గాజు సీసాల్లో నిండుగా పోసి, 4 డిగ్రీల దగ్గర చీకట్లో ఉంచి, ప్రతి ప్రయోగానికీ ఒకటి తెరవడం మంచిది.

తరువాత పలుచన చేసే పద్ధతి. మీరు సగానికి సగం తగ్గిస్తూ వరుసగా వెళ్లానన్నారు. ఉప్పు ద్రావణాన్ని అలా పలుచన చేయవచ్చు, తైలం నీటిలో కరగదు. పిపెట్ మొనను వెలుతురులో పట్టుకుని చూడండి: ద్రవాన్ని వదిలాక కూడా లోపలి గోడకు చిన్న చిన్న మెరిసే బొట్లు అంటుకుని ఉంటాయి. ఆ బొట్లు తరువాతి గుంటకు వెళ్లలేదు, లేదా ఒకేసారి వెళ్లాయి. ఐదారు మెట్లు దిగేసరికి మీరు కాగితం మీద రాసుకున్న గాఢతకూ గుంటలో ఉన్నదానికీ పొంతన ఉండకపోవచ్చు. ప్రతి గాఢతనూ విడివిడిగా గాజు గొట్టంలో తయారుచేసి, బాగా కుదిపి, తెల్లగా ఒకేలా ఉన్నప్పుడే, నిలవనివ్వకుండా గుంటల్లో వేయండి. ప్రతిసారీ కొత్త మొన వాడండి. ట్వీన్ వద్దనుకుంటే 0.15 శాతం అగార్ కలిపిన బ్రాత్‌లో తైలపు బొట్లు త్వరగా విడిపోకుండా నిలుస్తాయి. ఐతే కణాల కదలికపై దాని ప్రభావం కూడా కంట్రోల్ పెట్టి చూడాలి.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది దీని తర్వాత ఉంది. లవంగ తైలం నీటికంటే బరువైనది, మిల్లీలీటరుకు సుమారు 1.05 గ్రాములు, వాము, నిమ్మగడ్డి తైలాలు నీటికంటే తేలికైనవి. 24 గంటలు కదపకుండా ఉంచిన గుంటలో తైలం విడిపోతే లవంగం అడుగుకు చేరుతుంది, నిమ్మగడ్డి పైన తేలుతుంది. పై సమాధానంలో చెప్పినట్టు సూడోమోనాస్ గాలి అంచు దగ్గర కడుతుంది, స్టాఫిలోకాకస్ ఎక్కువగా గుంట అడుగున పరుచుకుంటుంది. అంటే లవంగ తైలం స్టాఫిలోకాకస్ మీదా, నిమ్మగడ్డి సూడోమోనాస్ మీదా బాగా పనిచేసినట్టు మీకు కనిపిస్తే, అది మందు గుణమో, ఏది ఎక్కడ నిలిచిందన్న దాని ఫలితమో విడదీసి చెప్పడం కష్టం. ప్లేటును తిరుగుడు షేకర్ మీద తక్కువ వేగంతో ఉంచి కూడా ఒకసారి చేసి, రెండు ఫలితాలనూ పోల్చండి. ఈ సాంద్రతే ఇంకో తేడా తెస్తుంది: "1 శాతం" అంటే లవంగ తైలంలో మిల్లీలీటరుకు దాదాపు 10.5 మిల్లీగ్రాములు, మిల్లీలీటరుకు 0.9 గ్రాముల సాంద్రత ఉన్న తైలంలో 9 మిల్లీగ్రాములే. పట్టికలో మిల్లీగ్రాములు రాస్తే మూడు తైలాలనూ, తరువాత వాటిలోని శుద్ధ పదార్థాలనూ సరిగా పోల్చవచ్చు.

వీలుంటే యూజెనాల్, థైమాల్, సిట్రాల్‌లను శుద్ధ రూపంలో, తైలంలో ఉన్న మోతాదుకు సమానంగా తీసుకుని పక్కనే పరీక్షించండి. తైలం మొత్తం చేసిన పని అందులోని ఒక్క పదార్థమే చేస్తోందా, లేక మిగతావి తోడవుతున్నాయా అన్నది అప్పుడే తెలుస్తుంది.


సమాధానం 3: ఆసుపత్రి ప్రయోగశాలలో పనిచేసేవారు

ఇద్దరూ చాలావరకు చెప్పేశారు. నేను శాతాల గురించి, లెక్కింపు గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే క్యాథెటర్ల మీద, కీళ్ల ఇంప్లాంట్ల మీద కట్టే బయోఫిల్మ్‌తో మేము నిత్యం పడే బాధ ఆ శాతాల్లో కనిపించదు.

ఒక గుంటలో 10 కోట్ల కణాలు ఉన్నాయనుకోండి. 90 శాతం చచ్చాయంటే ఇంకా కోటి కణాలు బతికే ఉన్నాయి. 99.9 శాతం చచ్చినా లక్ష మిగులుతాయి, అవి ఒక్క రాత్రిలో మళ్లీ పొర కట్టగలవు. కాబట్టి బతికిన కణాలను లాగ్ లెక్కలో చెప్పండి; ఒక లాగ్ తగ్గుదల అంటే పదో వంతుకు తగ్గడం. మూడు లాగ్‌ల తగ్గుదల అంటే 99.9 శాతం. బయోఫిల్మ్‌లోని కణాలు అదే జాతి విడి కణాలకంటే వందల రెట్లు, ఒక్కోసారి వెయ్యి రెట్ల వరకు ఎక్కువ మందును తట్టుకోగలవు. విడి కణాల మీద కనుక్కున్న ఎం.ఐ.సి.ని చూసి బయోఫిల్మ్ మీద ఆశ పెట్టుకోలేము.

లెక్కించాలంటే పొరను గీకి, తక్కువ శక్తి గల అల్ట్రాసౌండ్ స్నానంలో ఉంచి కణాలను విడదీసి, పలుచన చేసి అగార్ మీద వేయాలి. ఎంతసేపు ఉంచితే కణాలు విడిపోతాయి, ఎంతసేపటికి చావడం మొదలవుతుంది అన్నది తైలం లేని బయోఫిల్మ్‌తో ముందే తేల్చుకోండి. ఇంకొకటి: తైలం జిగురు పొరలో ఇరుక్కుని కణాలతో పాటు అగార్ మీదకు వచ్చేస్తుంది, అక్కడ కూడా చంపుతూనే ఉంటుంది. దానివల్ల ఫలితం ఉన్నదానికంటే గొప్పగా కనిపిస్తుంది. లెసితిన్, ట్వీన్ కలిపిన తటస్థీకరణ ద్రవంలో కడిగి, ఆ ద్రవం తైలాన్ని నిజంగా ఆపుతోందనీ, తాను కణాలను చంపడం లేదనీ విడిగా నిరూపించాలి.

మూతకు వేలాడే 96 పుల్లల మీద బయోఫిల్మ్‌ను పెంచే కాల్గరీ పరికరం గురించి మీరు చదివే ఉంటారు. దాని పద్ధతి 1999లో వెలువడింది. పుల్లలను ఒక ప్లేటు నుంచి ఇంకో ప్లేటుకు ఒకేసారి మార్చవచ్చు కాబట్టి కడగడంలో చేతివాటం తేడాలు తగ్గుతాయి. స్టాఫిలోకాకస్ పొర కడిగేటప్పుడు తునకలుగా ఊడిపోవడం మీరూ చూసే ఉంటారు. గుంటల పద్ధతిలోనే కొనసాగేటట్టయితే, కడిగాక రంగు వేయకముందు మిథనాల్‌తో గాని, 60 డిగ్రీల దగ్గర ఒక గంట ఆరబెట్టి గాని స్థిరపరచండి.

సూక్ష్మదర్శినిలో బతికినవి పచ్చగా, చచ్చినవి ఎర్రగా చూపే రంగులు వాడబోతే ఒక హెచ్చరిక. ఎరుపునిచ్చే ప్రొపిడియం అయొడైడ్ డి.ఎన్.ఎ.కు అంటుకుంటుంది, బయోఫిల్మ్ జిగురులో కణాల బయటి డి.ఎన్.ఎ. పుష్కలంగా ఉంటుంది. కనుక తైలం వేయని పొరలో కూడా ఎంత ఎరుపు ఉందో మొదట చూడండి.


ప్రశ్న అడిగినవారి స్పందన: పరిశోధక విద్యార్థిని

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మూడు వారాలు ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, మీరు చెప్పినవి చేసి చూశాకే రాయాలనుకున్నాను.

బ్యాక్టీరియా లేని ప్లేటు మొదట చేశాను. లవంగ తైలం 4 శాతం, 2 శాతం ఉన్న గుంటల అడుగులు మసకబారాయి, వాటికి ఊదారంగు గట్టిగా పట్టింది. ఎన్నిసార్లు కడిగినా పోలేదు. వాము తైలంలో 4 శాతం దగ్గర కొంచెం కనిపించింది. 1 శాతం, అంతకంటే తక్కువ గాఢతల దగ్గర మూడు తైలాల గుంటలూ తేటగానే ఉన్నాయి. ట్వీన్ కంట్రోల్ ఇంతకుముందు నేను పెట్టలేదని ఒప్పుకుంటున్నాను. ఇప్పుడు పెడితే, స్టాఫిలోకాకస్‌లో చెప్పుకోదగ్గ తేడా లేదు గాని, సూడోమోనాస్‌లో గాలి అంచు దగ్గరి వలయం కంటికే పలచగా కనిపించింది. నేను ఇన్నాళ్లూ తైలానికి ఆపాదించిన దానిలో కొంత భాగం ట్వీన్ వల్ల వచ్చిందన్నమాట. విడివిడి ప్లేట్లలో పెట్టాక కంట్రోల్ గుంటలన్నీ ఒకేలా పెరిగాయి.

ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. ఒక ప్లేటులో ఒక్కో గాఢతకు ఎనిమిది గుంటలు పెడుతున్నాను. ఎనిమిది పునరావృతాలు అని రాయవచ్చా? రెండోది, ఇంత చేశాక కూడా పర్యవేక్షకులు కోరిన "నిరోధ శాతం" పట్టికను ఎలా ఇవ్వాలి?


సమాధానం 4: సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకుడు

అమ్మా, మూడు వారాల్లో ఇంత పని చేశారంటే మెచ్చుకోకుండా ఉండలేను.

ఎనిమిది గుంటలు ఎనిమిది పునరావృతాలు కావు. అవన్నీ ఒకే రోజు, ఒకే కల్చర్ నుంచి, ఒకే తైలపు మిశ్రమం నుంచి వచ్చాయి. అవి మీ చేతి నిలకడను చూపుతాయి. వాటి సగటును ఒక్క విలువగా తీసుకోండి. వేరే రోజు, కొత్తగా పెంచిన కల్చర్‌తో, కొత్తగా తయారుచేసిన మిశ్రమంతో చేసినది రెండో విలువ. అలాంటివి కనీసం మూడు ఉండాలి, గణాంక పరీక్ష ఆ మూడింటి మీదే జరగాలి. ఇరవై నాలుగు గుంటలను ఇరవై నాలుగు నమూనాలుగా లెక్కిస్తే లేని ప్రాముఖ్యం కూడా పుట్టుకొస్తుంది.

పట్టిక విషయానికి వస్తే, శాతాన్ని తీసేయనక్కర్లేదు, దాని స్థానం మార్చాలి. ప్రతి తైలానికీ ఒక వరుసలో గ్లూకోజ్ కలిపిన బ్రాత్‌లో కనుక్కున్న ఎం.ఐ.సి., ఎం.ఐ.సి.కి తక్కువైన గాఢతల దగ్గర పెరుగుదల, అదే గాఢత దగ్గర క్రిస్టల్ వయొలెట్ తగ్గుదల ట్వీన్ కంట్రోల్‌తో పోల్చి, ఆ తరువాత ముదిరిన బయోఫిల్మ్ మీద బతికిన కణాల లాగ్ తగ్గుదల, చివరగా దాని మీదే మిగిలిన సరుకు. ఈ ఐదు గడులూ పక్కపక్కన ఉంటే, చదివినవారికి ఏ తైలం కట్టనివ్వడం లేదో, ఏది చంపుతోందో, ఏది ఊడగొడుతోందో వెతుక్కోకుండానే కనిపిస్తుంది. మీ పర్యవేక్షకులు అడిగిన శాతం మూడో గడిలో ఉంటుంది. ఆయనకు ఈ రెండు ప్లేట్లను, మసకబారిన అడుగును, పలచబడ్డ వలయాన్ని, నేరుగా చూపించండి. పట్టిక ఎందుకు మారిందో వేరే వివరించనవసరం ఉండదు.

బయోఫిల్మ్ "ఉంది" అనడానికి గీత ఎక్కడ గీయాలన్నది కూడా ముందే నిర్ణయించుకోండి. బ్యాక్టీరియా లేని గుంటల సగటుకు వాటి ప్రామాణిక విచలనాన్ని మూడు రెట్లు చేసి కలిపితే వచ్చేదే వాడుకలో ఉన్న హద్దు. దానికి రెట్టింపు దాకా బలహీనం, నాలుగు రెట్ల దాకా మధ్యస్థం, ఆ పైన బలమైన బయోఫిల్మ్. మీ విషయంలో ఆ బ్యాక్టీరియా లేని గుంటల్లో కూడా అదే గాఢత తైలం, ట్వీన్ ఉండాలి. స్టాఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్‌లో గట్టిగా కట్టే ఏ.టి.సి.సి. 35984ను, కట్టని ఏ.టి.సి.సి. 12228ను (ఏ.టి.సి.సి. అనే సూక్ష్మజీవుల నిల్వ సంస్థ ఇచ్చిన సంఖ్యలివి) ప్రతిసారీ పక్కన పెట్టండి. ఆ రోజు ప్లేటు, కడగడం, రంగు సవ్యంగా పనిచేశాయో లేదో ఆ రెండూ చెప్పేస్తాయి.

సూడోమోనాస్‌కు ట్వీన్‌ను 0.5 శాతానికి, వీలైతే ఇంకా కిందికి తగ్గించి, వలయం కంట్రోల్‌తో సమానంగా వచ్చే మోతాదును ముందు పట్టుకోండి. ఆ మోతాదులో నిలవని తైలపు గాఢతలను ఈ బ్యాక్టీరియా మీద పరీక్షించవద్దు. లవంగ తైలం 2, 4 శాతం ఫలితాలను ప్రస్తుతానికి పక్కన పెట్టి, 1 శాతం నుంచి కిందికి పాలీస్టైరీన్ మీద పూర్తి చేయండి. పై గాఢతలు అవసరమని అప్పుడు అనిపిస్తే గాజు ముక్కల మీద చేద్దురుగాని.